పన్నెండు సెంటీమీటర్ల ఐసు

మా ఊళ్ళో నన్ను వెనకాల "అలారం వీట్స్కె" అంటారు. ముఖాన అనే ధైర్యం ఎవరికీ లేదు, ఎందుకంటే ఊళ్ళో సగం మందికి ఈత నేర్పింది నేనే. గడ్డం కింద చెయ్యి పెట్టి నీళ్ళలో తేల్చినదాన్ని, మళ్ళీ ముంచలేనా!

ఆ పేరు ఊరికే రాలేదు. నేను రోజూ ఐదున్నరకి లేస్తాను. పండగైనా, పుట్టినరోజైనా, ముక్కు కారుతున్నా అంతే. అందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. అలారం మోగగానే కాళ్ళు నేల మీద పెట్టేస్తాను, ఆలోచన తర్వాత. మనసు వకీలు లాంటిది. నోరు తెరిచే సందిచ్చామంటే వాయిదా మీద వాయిదా తెస్తుంది.

లేచాక చన్నీళ్ళు. ఆ తర్వాత షెడ్డులో ఉన్న నున్నటి పలక మీద, బూట్ల పైన ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని, ఈ చివర నుంచి ఆ చివరికి జారడం. స్కేట్లు వేసుకున్నట్టే నడుం వంచి, మోకాళ్ళు మడిచి, వెనక్కి చేతులు కట్టుకుని. సాయంత్రం బంగాళదుంపల చెక్కు తీసేటప్పుడు కూడా కుర్చీ లేకుండా గాల్లోనే కూర్చుంటాను. ఆదివారాలు సముద్రపు కట్ట మీద సైకిలు. మావాళ్ళందరూ తిరిగి వచ్చేటప్పుడు గాలి వీపున తగిలేలా దారి చూసుకుంటారు, నేను వచ్చేటప్పుడే ఎదురుగాలి దొరికే దారి చూసుకుంటాను. కాఫీతో ఒకే ఒక్క బిస్కెట్. ఒకటిచ్చి డబ్బా మూసేయడం మా దేశంలో అందరూ చేసేదే కాబట్టి ఆ ఒక్క నియమానికి మాత్రం నన్నెవరూ మెచ్చుకోరు.

ఇదంతా దేనికంటే, పదకొండు ఊళ్ళ పందెం కోసం. మా ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో పుట్టినవాళ్ళకి ఆ పేరు చెబితే చాలు, గొంతు మారిపోతుంది. మా ముఖ్యపట్టణం లేవార్డెన్‌లో చీకటితో బయలుదేరి, గడ్డకట్టిన కాలవల మీద స్కేట్లతో పదకొండు ఊళ్ళు చుట్టి, రెండు వందల కిలోమీటర్లు పోయి, మళ్ళీ లేవార్డెన్‌కే రావాలి. ఆ రోజే తిరిగి రావాలి. వచ్చినవాళ్ళకి బొటనవేలి గోరంత పతకం ఇస్తారు. కాలవలన్నీ ఒకేసారి గట్టిగా గడ్డకడితేనే పందెం. ఆఖరిసారి జరిగింది 1997 జనవరిలో.

ఆ రోజు నేను ఆసుపత్రిలో ఉన్నాను. పందెంలో నా పేరూ ఉంది, నా మొగుడు రిన్సె పేరూ ఉంది. నా కడుపులో మాత్రం హెస్సెల్ ఉన్నాడు. వాడు ఇంకా రెండు వారాలు ఆగాల్సినవాడు, సరిగ్గా ముందు రాత్రి నొప్పులు మొదలుపెట్టాడు. రిన్సె స్కేట్లు పక్కన పడేశాడు. నేనే తిట్టి పంపించాను. "నువ్విక్కడుండి ఏం చేస్తావు, నాకు బదులు నువ్వు కంటావా? పో!" అన్నాను. గోడకి బిగించిన టీవీలో వేలమంది వెళ్తూ కనిపిస్తుంటే, ఒక్కో నొప్పికీ మంచం పట్టీ పట్టుకుని, తెర మీద ఒక్కో ఊరు దాటాను. రాత్రి రిన్సె కనుబొమల మీద మంచుతో, మెడలో పతకంతో వచ్చి, పిల్లవాణ్ణి ఎత్తుకోబోయి వేళ్ళు వంగక నిలబడిపోయాడు.

ఆ తర్వాత కాలవలు మళ్ళీ అలా గడ్డకట్టలేదు. చలికాలాలు మెత్తబడిపోయాయి. ఒక ఏడు ఆశపెట్టింది, ఇంకో ఏడు ఇంకాస్త ఆశపెట్టింది, అంతే.

"అమ్మా, రాని పెళ్ళికి రోజూ తలంటుకుంటున్నావు," అంటాడు హెస్సెల్.

"పెళ్ళికొడుకు గుమ్మంలో నిలబడ్డాక తలంటుకుంటార్రా? అయినా ఆ పెళ్ళి చెడగొట్టింది నువ్వే," అంటాను నేను.

దూరం నాకు లెక్క కాదు. అంత దూరం ఇండోర్ స్కేటింగ్ రింకులో గుండ్రంగా తిరిగి చూశాను, ఆస్ట్రియాలో ఒక చెరువు మీద తిరిగి చూశాను. అక్కడ చుట్టూ కొండలు, ఎవరో పరాయివాళ్ళు. నాకు కావలసింది అది కాదు. చీకట్లో వేలమంది స్కేట్ల కింద ఐసు చేసే ఆ కరకర కావాలి. ప్రతి వంతెన మీదా బ్యాండు మేళం కావాలి. ఒడ్డున బఠాణీ సూపు గరిటె పట్టుకున్న ఏ ముసలమ్మో నా మొహం చూసి, "రా తల్లీ, ఇంకా నాలుగు ఊళ్ళే!" అని అరవాలి. దాని కోసం నా లోపల ఒక చోటు ఖాళీగా ఉండిపోయింది. ఇన్నేళ్ళలో అందులో ఇంకేదీ పట్టలేదు.

ఈ చలికాలం ఆ గడ్డకట్టే చలి వచ్చింది.

జనవరి నెలాఖరులో తూర్పుగాలి తిరిగింది. బాల్టీలో నీళ్ళు గడ్డకట్టాయి, తర్వాత గుంటలు, తర్వాత చెరువులు, ఆఖరికి కాలవలు. మధ్యలో మంచు కురిసింది. ఐసు మీద మంచు పడితే దుప్పటి కప్పినట్టే, కింద ఐసు పెరగదు. అందుకని ఊరంతా చీపుర్లు పట్టుకుని కాలవల్లోకి దిగింది. పాస్టరు గారు, బేకరీ వాడు, స్కూలు పిల్లలు, అందరూ ఊడుస్తున్నారు. ఇంట్లో చీపురు ముట్టని మగవాళ్ళు కూడా అంత శ్రద్ధగా ఊడవడం చూసి వాళ్ళ పెళ్ళాలు ఫోటోలు తీసుకున్నారు.

ఇక్కడ రిన్సె సంగతి చెప్పాలి. వృత్తికి వడ్రంగి. అది కాక, మా ఊరి కాలవకి అతనే ఐసు పెద్ద. పందెం దారిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక్కో ఐసు పెద్దని పెట్టారు. తన ముక్కలో ఐసు మందం కొలిచి చెప్పడం అతని పని. దారి పొడుగునా పదిహేను సెంటీమీటర్లు ఉండాలి. ఒక్క ముక్కలో లేకపోయినా పందెం లేదు. రిన్సె ముక్కలో రైలు వంతెన ఉంది, దాని అవతల పంపుహౌసు దాకా రెండు కిలోమీటర్ల ఇరుకు కాలవ. అక్కడ నీళ్ళు అడుగున ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి, ఐసు సరిగ్గా కట్టదు.

రోజూ పొద్దున్నే అతను తొలిచే బర్మా భుజాన వేసుకుని వెళ్ళేవాడు. రోజూ నేను అడిగేదాన్ని.

"ఎంత?"

"ఐసు పెద్దలు మీటింగుకి ముందు చెప్పకూడదు."

"నేను నీ పెళ్ళాన్ని."

"నా పెళ్ళానివి కాబట్టే చెప్పను. పదింటికల్లా బేకరీలో ఉంటుంది ఆ అంకె."

ఊరు నిండా టీవీ వ్యాన్లు. మా వంటింటి కిటికీలోంచి ఒకడు లోపలికి కెమెరా పెడితే గిన్నెలు కడిగిన నీళ్ళు కుమ్మరించాను. రిన్సె మొహం చూసి అంకె పసిగట్టాలని అందరి ప్రయత్నం. ముప్ఫై ఏళ్ళకి పైగా కాపురం చేసినదాన్ని, నాకే తెలియలేదు. రాత్రి పక్క మీద అతను నిద్రపోలేదని మాత్రం తెలిసింది.

మీటింగు లేవార్డెన్‌లో పెట్టారు. టీవీ ముందు దేశమంతా కూర్చుంది. పందెం సంఘం అధ్యక్షుడు వచ్చి "సాగుతుంది!" అని ఒక్క మాట అంటే చాలు, ఆ రాత్రికి ఫ్రీస్‌లాండ్‌లో ఎవరూ పడుకోరు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాకు అప్పుడే అర్థమైంది. రేపు సాయంత్రానికి గాలి పడమటికి తిరుగుతుంది, వాన వస్తుంది, దారి అంతా సిద్ధంగా ఉన్నా ఒక్క చోట ఐసు చాల్లేదు, పందెం లేదు అన్నాడు. ఆ ఒక్క చోటు ఏదో ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

రిన్సె ఇంటికి వచ్చేసరికి నేను వంటింట్లో నిలబడే ఉన్నాను.

"ఎంత?" అన్నాను.

"పన్నెండు."

"మూడు సెంటీమీటర్లు, రిన్సె! నా చిటికెన వేలిలో సగం!"

"నీ వేలితో ఐసుకి పనేముంది?"

"ఒడ్డున తివాచీలు పరిస్తే నడిచి దాటుతారు కదా. స్కేట్లతోనే గట్టెక్కి నడవడం మనకి కొత్తా?"

"ఆ గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడవలేరు. పదహారు వేల మందిని రెండు కిలోమీటర్లు ఎలా నడిపిస్తాను? సగం మంది విసుగెత్తి ఐసు మీదికి దిగుతారు. దిగితే ఏమవుతుందో నీకు తెలీదా? నీళ్ళ గురించి నాకంటే నీకే బాగా తెలుసు."

"నన్ను మోస్తుందా లేదా? అది చెప్పు."

"నిన్ను మోస్తుంది. నిన్నూ నన్నూ, మన బట్టల బీరువానీ కలిపి మోస్తుంది. పదహారు వేల మందిని మోయదు."

"నాకు ఆ పదహారు వేల మందే కావాలి!" అని అరిచాను. "నీకేం, నీ పతకం సొరుగులో పడుంది. హాయిగా నిజాయితీగా ఉండొచ్చు."

కోటు విప్పబోతున్నవాడు మళ్ళీ బొత్తాలు పెట్టుకుని వర్క్‌షాపులోకి పోయాడు. నేను స్కేట్లు సంచిలో వేసుకుని ఆఖరి రైలుకి లేవార్డెన్ వెళ్ళి హెస్సెల్ ఇంటి తలుపు కొట్టాను.

"నాన్నని వదిలేశావా?" అన్నాడు వాడు, సగం నిద్రలో.

"ఇంకా లేదు. నీ సోఫా ఇవ్వు."

మర్నాడు, వాన రావడానికి ముందు మిగిలిన ఆ ఒక్క రోజు, చీకటితోనే లేవార్డెన్ చివర కాలవ దగ్గర కూర్చుని స్కేట్ల తాళ్ళు బిగించాను. పందెం ఎటూ లేదు. కనీసం దారైనా నా కాళ్ళకి తెలియాలనుకున్నాను. దొంగతనానికి వచ్చినట్టు అటూ ఇటూ చూసి దిగాను. ఇరవై అడుగులు పోయానో లేదో, ముందర ఒక దీపం ఊగుతూ కనిపించింది. వెనక్కి చూస్తే ఇంకో నాలుగు. తలకి దీపాలు కట్టుకుని, ఒకరికి ఒకరు చెప్పుకోకుండా, ఇంట్లో "ఊరికే కాసేపు తిరిగొస్తా" అని అబద్ధమాడి వచ్చినవాళ్ళే అందరూ.

"పందెం లేదటగా?" అన్నాను పక్కన జారుతున్న పెద్దాయనతో.

"లేదు కదా. నేను రొట్టె కొనుక్కోడానికి బయలుదేరాను," అన్నాడాయన. వీపున సంచీ, నడుముకి మంచినీళ్ళ సీసా, గడ్డానికి అప్పుడే మంచు.

తెల్లారేసరికి డజన్లకొద్దీ అయ్యాం. స్నేక్ దాటాం, స్లోటెన్ దాటాం, స్టావొరెన్ దగ్గర సూర్యుడు ఐసు మీద పడి కళ్ళు మూసుకుపోయాయి. నా కాళ్ళు అన్నీ గుర్తుపట్టాయి. ఎన్నో ఏళ్ళు పలక మీద జారి, గాల్లో కూర్చుని పెంచుకున్న కాళ్ళు, ఇప్పుడు వాటికి పని దొరికిందని పొంగిపోతున్నాయి. కుర్రాళ్ళు నా వెనక గాలి తగలకుండా వరస కట్టారు. ఇద్దరు ముగ్గురు నన్ను పోల్చుకున్నట్టున్నారు, "ఐసు పెద్ద గారి భార్య" అని గుసగుస వినిపించింది. "ఆవిడే వస్తోందంటే పర్వాలేదన్నమాట," అన్నాడొకడు. ఆ మాట అప్పుడు నాకు పొగడ్తలాగే వినిపించింది.

మధ్యాహ్నం బోల్స్‌వర్డ్ దాటి మా కాలవలోకి మళ్ళేసరికి వెనక వందమందికి పైనే ఉన్నారు. రైలు వంతెనకి ముందు కాలవకి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు అవతల, వర్క్‌షాపు బట్టల్లోనే, రిన్సె నిలబడి ఉన్నాడు. ఒక్కడే.

నేను తాడు దగ్గర ఆగాను. నా వెనక స్కేట్లన్నీ కీచుమని ఆగాయి.

"ఒడ్డెక్కు, వీట్స్కె."

"నన్ను మోస్తుందన్నావుగా?"

"ఇప్పుడూ అదే అంటున్నాను. కావాలంటే తాడు కింద నుంచి దూరిపో, నేను ఆపను." గొంతు తగ్గించాడు. "కానీ ఒక్కసారి వెనక్కి చూడు."

చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. తాడుని కాదు, రిన్సెని కాదు, నన్ను. ముందు వరసలో ఉన్న కుర్రాడి నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఈత కొలను గట్టు మీద నేను ఈల ఎప్పుడు వేస్తానా అని చూసే పిల్లల్లాగే.

"ఆవిడ వెళ్తే మనమూ వెళ్ళిపోవచ్చు," అన్నాడు వాడు పక్కవాడితో.

నాకు కావాలనుకున్న జనం వచ్చారు. ఇన్నేళ్ళూ కోరుకున్నట్టే నా వెనకే ఉన్నారు, నాతోపాటు ఊపిరి తీస్తున్నారు. వాళ్ళు వచ్చారు కాబట్టే నేనిక ఆ ఐసు మీద అడుగు పెట్టకూడదు. ఆ క్షణాన రిన్సె మీద కోపం ఏమైందో నాకు తెలీదు. మీటింగుకి వెళ్ళే దారంతా అతనికి ఎలా ఉండి ఉంటుందో అది మాత్రం తెలిసింది.

పిల్లల మీద వాడే గొంతు బయటికి తీశాను. "అందరూ ఒడ్డెక్కండి! ఒకరి వెనక ఒకరు! తాడు దాటినవాడికి ముందు నా చేతిలో అయిపోతుంది, తర్వాత నీళ్ళలో!"

ఎక్కారు. గట్టు పొడుగునా పాత తివాచీలు పరిచి ఉన్నాయి. మేం వస్తామని రిన్సెకి తెలుసు, రాత్రంతా ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చాడు. వాటిలో మా హాల్లో తివాచీ కూడా ఉంది, దాన్ని మాత్రం అడక్కుండానే తెచ్చాడు. స్కేట్ల అంచు దిగి దాని పోగులు తెగుతుంటే నా ప్రాణం విలవిల్లాడింది. అయినా దాని మీదే నడిచాను. రెండు కిలోమీటర్లు బాతుల్లాగా ఊగుతూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని. పక్కనే కాలవలో ఐసు తెల్లగా, నున్నగా, ఎవరి గీతా పడకుండా ఉంది.

పంపుహౌసు దాటాక మళ్ళీ దిగాం. అక్కడ కొందరు ఆగిపోయారు, కొందరిని ఇళ్ళవాళ్ళు ఫోను చేసి పిలిపించుకున్నారు. హార్లింగెన్ దగ్గర మేఘం కమ్మింది. ఫ్రానెకెర్ తర్వాత గాలి పడమటికి తిరిగింది, ఐసు మీద పలచటి నీటి పొర లేచింది. డొక్కుమ్ చేరేసరికి పొద్దువాలింది, రొట్టె కొనుక్కోడానికి బయలుదేరిన పెద్దాయన ఒక్కడే నాతో మిగిలాడు. అక్కడ ఆయన బల్ల మీద కూర్చుని, "నా రొట్టె ఇక్కడ దొరికేలా ఉంది," అని ఇక లేవలేదు.

ఆఖరి ముక్క ఒక్కదాన్నే వచ్చాను. వంతెనల మీద బ్యాండు లేదు, ఒడ్డున సూపు లేదు, నా పేరు ఎవరూ పిలవలేదు. సన్నటి వాన. తుంపర నా మొహం మీద పడుతుంటే, ఇళ్ళల్లో భోజనాల దీపాలు చూసుకుంటూ, నేను వాళ్ళందరినీ ఊహించుకున్నాను, బ్యాండునీ ముసలమ్మనీ వేలమందినీ. ఊహించుకున్నకొద్దీ వాళ్ళు లేరన్నది ఇంకా గట్టిగా తెలిసింది. మోకాళ్ళు మండిపోతున్నా తగ్గలేదు. తగ్గడం నా కాళ్ళకి అలవాటు లేదు.

లేవార్డెన్ చివర, పందెం ముగిసే కాలవ దగ్గర, కుక్కని తిప్పుతున్న ఒకాయన ఆగాడు.

"ఈ తడి ఐసు మీద ఎక్కడి నుంచి వస్తున్నారండీ?"

"ఇక్కడి నుంచే."

"ఎక్కడికి?"

"ఇక్కడికే."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పందెం రద్దయింది. మీరు టీవీ చూడలేదా?" అన్నాడు జాలిగా, కుక్కని లాక్కుని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక ఒడ్డున బల్ల మీద ఇంకో మనిషి కనిపించాడు. రిన్సె. ఎప్పుడు వచ్చాడో, టోపీ పూర్తిగా తడిసిపోయి ఉంది. నేను ఒడ్డు దాకా వచ్చి కూలబడ్డాను. వేళ్ళు వంగట్లేదు. అతను నేల మీద మోకరిల్లి నా స్కేట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. ముళ్ళు తడిసి బిగుసుకుపోయాయి, పళ్ళతో లాగాడు.

"నిన్న మొన్న వంతెన కింద తొలవని చోటు లేదు," అన్నాడు తల ఎత్తకుండా. "ఎక్కడో ఒక చోట పదిహేను తగులుతుందేమోనని చూశాను. నీ కోసమే చూశాను."

"తెలుసు," అన్నాను. అప్పటికి నిజంగానే తెలుసు.

వాన పెరిగింది. కాలవ మీద నా గీతలు చెరిగిపోతున్నాయి. వచ్చే ఐసుకి నాకు డెబ్బై రావచ్చు, ఎనభై రావచ్చు, ఐసే రాకపోవచ్చు. రెండు వందల కిలోమీటర్లు వచ్చాను, పదకొండు ఊళ్ళూ దాటాను. తృప్తి కోసం లోపల వెతుక్కున్నాను. ఆ ఖాళీ చోటు ఖాళీగానే ఉంది.

ప్రపంచంలో ఈ విషయం ఇంకెవరినైనా అడిగితే నన్ను చూసి జాలిపడి ఏదో ఒకటి అంటారు. అందుకని రిన్సెనే అడిగాను.

"రిన్సె, ఇది లెక్కలోకి వస్తుందా?"

అతను విప్పిన స్కేటుని కోటు అంచుతో తుడిచాడు. నన్ను చూశాడు, కాలవని చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రాదు," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆ తడి టోపీతో సహా అతని తలని దగ్గరికి లాక్కున్నాను. వస్తుందని అని ఉంటే, ఇక నేను ఎదురుచూడడానికి ఏమీ మిగిలేది కాదు.